స్వేడ్ సోల్ డాన్స్ షూ: జారుడు, అరుగుదల, బూజు, కొత్త సోల్ (ప్రాజెక్టు డైరీ)

ముందుగా సరుకు. రెండు జతలు. నల్ల శాటిన్ జతకి రెండున్నర అంగుళాల హీల్, అది సల్సా సోషల్స్‌కి, అంటే అందరూ కలిసి ఆడే డాన్స్ సాయంత్రాలకి. గోధుమరంగు తోలు జతకి అంగుళంన్నర హీల్, అది క్లాసుకి. రెండింటి అడుగునా స్వేడే. తోలుని మందంలో పొరలుగా చీల్చి పై పొర తీసేస్తే మిగిలే కింది పొర అది. దాని మీద నిలబడే సన్నటి నూగే నేలని పట్టుకుంటుంది, తిరిగేటప్పుడు వదులుతుంది. నూగు అణిగిపోతే అది మామూలు తోలు ముక్క.

ఊరు హైదరాబాద్. స్టూడియోలో లామినేట్ చెక్క, ఇంట్లో విట్రిఫైడ్ టైల్స్, సోషల్స్ జరిగే చోట ఎక్కువగా గ్రానైట్. వెతికితే దొరికే సలహాలన్నీ గట్టి చెక్క నేలల వాళ్ళు రాసినవి. "ప్రతిసారీ డాన్స్‌కి ముందు తీగ బ్రష్‌తో గీకండి" అన్నది అందులో మొదటిది. దాన్ని పాటించడం వల్ల ఏమైందో దశ 2లో ఉంది.

దశ 1: జారుడు కొలిచే టైల్

"జారుతోంది", "పట్టేస్తోంది" అన్న మాటలతో పని జరగదు. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన 60 సెం.మీ. చదరపు టైల్ ఒకటి మేడ మీద పడి ఉంది. దానితోనే కొలత.

1. టైల్‌ని పొడిగుడ్డతో తుడవాలి. కింది అంచు జరగకుండా ఒక ఇటుకకి ఆనించాలి.
2. షూ ముందు భాగంలో అరకిలో బియ్యం పొట్లం పెట్టాలి. షూ ముక్కు పల్లం వైపు ఉండాలి.
3. పై అంచుని మెల్లగా లేపాలి. షూ కదిలిన చోట ఆపి, ఆ అంచు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో స్కేలుతో చూడాలి.
4. ఐదుసార్లు చూసి, అన్నిటికన్నా పెద్దదీ చిన్నదీ వదిలేసి, మిగతా మూడింటి సగటు రాసుకోవాలి.

ఫిజిక్స్ లెక్క కావాలంటే: 60 సెం.మీ. టైల్ మీద అంచు 17 సెం.మీ. లేస్తే ఘర్షణ గుణకం సుమారు 0.3, 22 లేస్తే 0.4, 27 లేస్తే 0.5. నాకు సెంటీమీటర్లే చాలు.

మొదట్లో అంకెలు పొంతన లేకుండా వచ్చాయి. కారణం హీల్ టిప్, అంటే హీల్ అడుగున నేలకి తగిలే బిళ్ళ. అది రబ్బరు, టైల్‌ని గట్టిగా పట్టేస్తుంది, దాంతో మనం సోల్‌ని కాక హీల్‌ని కొలుస్తున్నాం. హీల్ కింద సెల్లో టేప్ అంటించి, బియ్యం పొట్లాన్ని ఇంకాస్త వేళ్ళ వైపు జరిపాక తేడా ఒక సెంటీమీటరు లోపుకి వచ్చింది.

మొదటి రీడింగులు: సోల్ నూగు అణిగి మెరుపెక్కిన నల్ల జత 16.5, గోధుమ జత 20. కొన్ని క్లాసుల పాటు ముందు కొలిచి, తర్వాత ఒంటికి ఎలా ఉందో పక్కన రాసుకుంటూ పోతే తేలింది ఇది: 21 నుంచి 24 మధ్య హాయిగా ఉంటుంది. 18 దిగితే అడుగు వేయాలంటేనే టెన్షన్. 26 దాటితే పాదం ఆగిపోతుంది, ఒళ్ళు తిరుగుతుంది, మధ్యలో దెబ్బ తినేది మోకాలు.

ఒక పరిమితి ఉంది. ఈ టైల్ చెప్పేది జారడం ఎప్పుడు మొదలవుతుందో మాత్రమే. జారుతూ తిరిగేటప్పటి సంగతి దీనికి అందదు. ఒకే షూని నిన్నటితో, మొన్నటితో పోల్చడానికి అది చాలు.

ఖర్చు: సున్నా. మొత్తం: ₹0.

దశ 2: బ్రష్‌లు

హార్డ్‌వేర్ షాపులో తుప్పు గోకే ఇనుప తీగ బ్రష్ ₹70. నల్ల జతని అటూ ఇటూ బలంగా గీకితే మెరుపంతా పోయింది, నూగు లేచింది, టైల్ మీద 16.5 కాస్తా 27 అయింది. చూడ్డానికి కొత్త సోల్.

ఆ సాయంత్రం క్లాసులో మొదటి టర్న్‌కే షూ నేలకి అతుక్కుంది. మోకాలి లోపలి వైపు నొప్పి వారం పైనే ఉంది. క్లాసు అయ్యేసరికి రీడింగు 22కి దిగింది. అంటే చివరి పాటలకి మాత్రమే అది సరైన షూ. ఇంకొన్ని క్లాసులకి మళ్ళీ 17. మళ్ళీ గీకుడు.

ఇక్కడే బంగారం తూచే చిన్న పాకెట్ త్రాసు పనికొచ్చింది. కింద కాగితం పరిచి గీకి, రాలిన నూగుని తూస్తే రెండు షూలకీ కలిపి 0.4 గ్రాములు. వెర్నియర్‌తో సోల్ మందం చూస్తే మధ్యలో 1.7 మి.మీ., బొటనవేలి కింద 1.3. నూగు మెత్తన కాబట్టి వెర్నియర్‌ని ఎంత నొక్కితే అంత తక్కువ చూపిస్తుంది, అందుకని ఈ అంకెల్ని 0.1 అటూ ఇటూగా తీసుకోండి. అయినా డాన్స్ చేస్తే రాలేదానికన్నా బ్రష్ రాల్చేదే ఎక్కువని నాకు నమ్మకం కుదిరింది. దీనికి తోడు ఆ బ్రష్ అంచున ఉన్న కుట్టు దారాన్ని రెండు చోట్ల తెంపింది, శాటిన్ మీద గీతలు పెట్టింది.

అప్పుడు వచ్చిన అనుమానం: మెరుపు అంటే అసలేమిటి? వెడల్పు ప్యాకింగ్ టేప్‌ని సోల్‌కి గట్టిగా అద్ది లాగితే టేప్ బూడిదరంగులో జిడ్డుగా వచ్చింది. స్టూడియోలో నేల తుడిచే లిక్విడ్ మిగిల్చిన పొర, దుమ్ము, సన్న ఇసుక, ఎవరిదో గ్లాసులోంచి ఒలికిన పంచదార నీళ్ళు. ఇవన్నీ నూగుని కట్టలు కట్టి పడుకోబెడుతున్నాయి. మురికి తీయకుండా గీకితే మురికి పట్టిన నూగునే పీకి పారేస్తున్నాం.

మార్చిన పద్ధతి:

1. ప్యాకింగ్ టేప్, నాలుగైదుసార్లు, ప్రతిసారీ కొత్త ముక్క.
2. స్వేడ్ రుద్దే క్రేప్ రబ్బరు ముక్కతో మెరిసే చోట మాత్రమే రుద్దడం.
3. టూత్‌బ్రష్ సైజు ఇత్తడి బ్రష్ (₹50). మడమ వైపు నుంచి వేళ్ళ వైపుకి, ఒకే దిశలో, మెల్లగా ఆరేడు గీతలు. అంచు కుట్టుని ముట్టుకోకూడదు.
4. టైల్ మీద రీడింగు. 21 వస్తే ఆపేయాలి.

17 దగ్గర మొదలుపెడితే టేప్ తర్వాత 18.5, రబ్బరు తర్వాత 20, ఇత్తడి బ్రష్ తర్వాత 23. రాలిన నూగు 0.06 గ్రాములు. ఇప్పుడు నా నియమం 18 కిందకి దిగినప్పుడే బ్రష్. అంతకు ముందైతే టేప్ చాలు.

పనికిరాక వదిలేసినవి:

సాండ్‌పేపర్. నూగు బాగానే లేస్తుంది, కానీ దాని గరుకు రేణువులు సోల్‌లో ఇరుక్కుని లామినేట్ మీద గీతలు పెడతాయి. స్టూడియో వాళ్ళు ఊరుకోరు.

బేబీ పౌడర్. అతిగా పట్టే నేల మీద వేస్తారు. టైల్ మీద 12 చూపించింది. పైగా పౌడర్ మన కాళ్ళ కిందే ఉండదు, పక్క జంట కాళ్ళ కిందకీ పోతుంది.

తడిగుడ్డ తొక్కడం. తడిగా ఉన్నంతసేపు 30. ఆరాక 15, నూగు అట్టకట్టి గట్టిపడింది.

ఆముదం. జారే నేల మీద పట్టు కోసం సోల్‌కి ఆముదం రాసే అలవాటు బాల్‌రూమ్ డాన్సర్లలో ఉంది. షూ మీద కాకుండా విడి స్వేడ్ ముక్కకి చుక్క రాసి చూశాను. పట్టు వచ్చిన మాట నిజమే. కానీ టైల్ మీద మరక మిగిలింది, ముక్క మర్నాటికల్లా దుమ్ము పట్టి నల్లబడింది. మా అమ్మకి మాత్రం ఈ ప్రయోగం తెగ నచ్చింది. ఆమె చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకుంది. "ఇత్తడి పళ్ళెం అంచు మీద ఉత్త కాళ్ళతో తరంగం ఆడేవాళ్ళమే, నీ చెప్పులకి ఆముదంతో తలంటా!" అని ఇప్పటికీ అంటుంది.

ఖర్చు: ఇనుప బ్రష్ 70, ఇత్తడి బ్రష్ 50, టేప్ 40, క్రేప్ రబ్బరు 120. మొత్తం: ₹280.

దశ 3: మే నెల, కారు డిక్కీ

ఆఫీసు నుంచి నేరుగా క్లాసుకి వెళ్ళే సౌకర్యం కోసం నల్ల జత డిక్కీలో ఉండేది. ఎండలో ఆపిన కారు. మే మధ్యలో కుడి షూ ముక్కు దగ్గర సోల్ నోరు తెరిచింది, రెండు సెంటీమీటర్లు. షూల్లో వాడే కాంటాక్ట్ గమ్ 60, 70 డిగ్రీల వేడికి మెత్తబడుతుంది. ఆ గుణాన్ని ఫ్యాక్టరీలో అంటించడానికి వాడుకుంటారు. డిక్కీ అంత వేడెక్కకపోయినా, వంగి ఉన్న ముక్కు దగ్గర సోల్ ఎప్పుడూ విడిపోదామనే చూస్తుంటుంది, కాస్త వేడి చాలు.

ఇంట్లో ఉన్న ఇన్‌స్టంట్ గమ్ చుక్కలు వేసి మూస్తే పట్టింది. కానీ ఆ గమ్ ఆరాక గాజులా పెళుసు. పాయింట్ చేసి, అంటే పాదం చాపి, ముక్కు వంచగానే టప్పున విరిగింది, పైగా ఆ చోట స్వేడ్ రాయిలా గట్టిపడి టైల్ మీద 14 చూపించింది. వంగే చోట అది వాడకండి.

బొటనవేలి కింద మందం అప్పటికి 1.2. అతుకులు వేసే దశ దాటింది.

ఖర్చు: లేదు. మొత్తం: ₹280.

దశ 4: కొత్త సోల్

అసలు పని ఇది. ముందు సరుకు ఎంపిక గురించి.

మొదట దొరికింది బ్యాగులు కుట్టే స్వేడ్, 1.1 మి.మీ. ముక్క అంటించి క్లాసుకి వెళ్తే పక్కకి సాగింది, అంచులు సోల్ బయటికి వచ్చాయి. పల్చటి స్వేడ్ సులువుగా సాగుతుంది, దాని మీద తిరిగితే అలాగే ఉంటుంది. తర్వాత సింథటిక్ మైక్రోఫైబర్. టైల్ మీద 22, చాలా ఆశపెట్టింది. రెండు సాయంత్రాలకి రాపిడి వేడికి పోగుల కొనలు మెరుపెక్కి 15కి పడింది. బ్రష్‌కి లేవలేదు. తోలు నూగు లేస్తుంది, ప్లాస్టిక్ నూగు లేవదు.

చివరికి చెన్నై వెళ్ళిన స్నేహితురాలితో పెరియమేట్ తోలు దుకాణాల నుంచి తెప్పించుకున్నాను. తోలు చదరపు అడుగు లెక్కన అమ్ముతారు. అడగాల్సిన మాటలు: "క్రోమ్ స్ప్లిట్ స్వేడ్, 1.8 నుంచి 2 మి.మీ., సాగకూడదు." క్రోమ్ అంటే క్రోమియం లవణాలతో పదును చేసిన తోలు, స్ప్లిట్ అంటే చీల్చిన కింది పొర. ముక్కని రెండు చేతులతో లాగి చూడమని చెప్పాను. రెండు అడుగులు, అడుగు ₹110.

ఇక గమ్. మా వీధి చివర చెప్పులు కుట్టే అన్న దగ్గర కూర్చుని చూసి నేర్చుకున్నాను. వాళ్ళు సొల్యూషన్ అంటారు, సింథటిక్ రబ్బరు కాంటాక్ట్ గమ్. నేను ఒక పూతతో అంటించిన ముక్కని ఆయన గోటితో లేపేశారు. "మొదటి పూత తోలు తాగేస్తది మేడం, రెండోది పట్టుకుంటది" అన్నారు.

నిజమో కాదో తేల్చడానికి అంగుళం వెడల్పు పట్టీలు అంటించి, ఒక రోజు ఆగి, సూట్‌కేసు తూచే కొక్కెం త్రాసు తగిలించి లాగాను. ఒక పూత పట్టీ 2.5 కిలోలకి ఊడింది. రెండు పూతల పట్టీ 6 కిలోల దగ్గర ఊడలేదు, తోలే పొర చీలింది. అన్న మాటే నెగ్గింది.

నల్ల జతకి మొత్తం సోల్ మార్చలేదు. పాదం మధ్య వంపు నేలకి తగలదు, అక్కడి తోలు బాగానే ఉంది. వేళ్ళ నుంచి వంపు మొదలయ్యే దాకా హాఫ్ సోల్ మాత్రమే.

1. పాత సోల్ ముందు భాగాన్ని హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి, ముక్కు దగ్గర పట్టకారుతో పట్టుకుని మెల్లగా వెనక్కి లాగాలి. వంపు మొదలులో అడ్డంగా కోయాలి. కత్తిని లోతుగా దించకూడదు, లోపల ఉక్కు పట్టీ ఉంటుంది, కింది పొర తెగితే షూ పని అయిపోయినట్టే.
2. పాత గమ్ పొరని 80 నంబరు సాండ్‌పేపర్‌తో గరుకు చేయాలి. మొండిగా ఉన్నచోట అసిటోన్ అద్దిన గుడ్డ. శాటిన్‌కి తగలకుండా పక్కల మాస్కింగ్ టేప్.
3. పాత సోల్‌ని కాగితం మీద పెట్టి గీసి, చుట్టూ 3 మి.మీ. ఎక్కువ వదిలి స్వేడ్ కోయాలి.
4. వంపు వైపు అంచుని లోపలి నుంచి పల్చగా చెక్కాలి, చివరికి మందం దాదాపు లేకుండా పోవాలి.
5. రెండు వైపులా గమ్ మొదటి పూత. పూర్తిగా ఆరాక రెండో పూత. వేలు ఆనిస్తే అంటుకోనంత వరకు, పది పదిహేను నిమిషాలు ఆగాలి. కిటికీలు తెరిచి, స్టవ్‌కి దూరంగా.
6. ముక్కు నుంచి మొదలుపెట్టి అంటించాలి. ఒకసారి తగిలితే మళ్ళీ జరపడం కుదరదు.
7. మధ్య నుంచి అంచులకి సుత్తితో తట్టాలి. ఒక రోజు ఆగి, మిగిలిన 3 మి.మీ. పదునైన కత్తితో కోసేయాలి.

నాలుగో అంకె దగ్గర చాలామంది పడతారు. చెక్కకుండా అంటిస్తే వంపు దగ్గర 2 మి.మీ. మెట్టు మిగులుతుంది, వెనక్కి అడుగేసిన ప్రతిసారీ నేల ఆ మెట్టుని తోస్తుంది, అక్కడే లేస్తుంది. నా ఎడమ షూ మొదటి హాఫ్ సోల్ సరిగ్గా అక్కడే పోయింది. చెక్కడం ఇంట్లో కుదరలేదు, అన్న దగ్గరే చేయించాను. ఆయన రాయి మీద ముక్క పరిచి, కత్తిని పడుకోబెట్టి, ఒక్క ఊపులో తీసిన పొర చివర ఉల్లిపొరంత పల్చగా వచ్చింది.

ఇంకో సంగతి మూడో అంకెలో దాగుంది. తోలు ఆదా అవుతుందని ఎడమ, కుడి ముక్కల్ని తలకిందులుగా సర్ది కోశాను. అంటించాక కుడిది 24, ఎడమది 21. స్వేడ్ నూగుకి వాలు ఉంటుంది, చేత్తో నిమిరితే ఒకవైపు నున్నగా, ఒకవైపు గరుకుగా తెలుస్తుంది. ఒక షూకి ముందుకి, ఒక షూకి వెనక్కి వాలింది. ఎడమ కాలి మీద తిరిగితే ఒకలా, కుడి కాలి మీద ఇంకోలా. ఎడమది పీకి మళ్ళీ వేశాక 24, 23.5. కోసే ముందు తోలు వెనకవైపు నూగు వాలుకి బాణం గుర్తులు గీసుకోండి.

కొత్త సోల్ మొదటి సాయంత్రం టర్న్‌లు వద్దు. మామూలు అడుగులతో నూగు కాస్త సర్దుకోనివ్వాలి.

ఖర్చు: బ్యాగు స్వేడ్ 100, మైక్రోఫైబర్ 80, స్ప్లిట్ స్వేడ్ 220, గమ్ డబ్బా 130, సాండ్‌పేపర్ 40, అసిటోన్ 60, మాస్కింగ్ టేప్ 30, అన్నకి 250. మొత్తం: ₹1,190.

దశ 5: వానాకాలం

గోధుమ జతని ప్లాస్టిక్ కవర్లో చుట్టి అల్మారాలో పెట్టడం వల్ల ఇన్సోల్ మీద, సోల్ అంచున తెల్లటి బూజు. తడి బయటి నుంచి రాలేదు, పాదం చెమటే. షూ విప్పగానే కవర్లో పెడితే ఆ చెమట పోయే దారి లేదు. ₹200 తేమ మీటరు కవర్లో పెట్టి రాత్రి వదిలేస్తే 81 శాతం. 70 దాటిన చోట బూజుకి పండగే.

బాల్కనీలో, ముక్కుకి గుడ్డ కట్టుకుని, పొడిబ్రష్‌తో దులిపాను. సర్జికల్ స్పిరిట్ అద్దిన గుడ్డతో ఇన్సోల్ తుడిచాను, ముందు లోపలి మూల రంగు పోతుందేమో చూసుకుని. ఎండలో పెట్టలేదు, ఫ్యాన్ కింద ఆరబెట్టాను.

ఇప్పుడు: విప్పగానే నలిపిన న్యూస్‌పేపర్ లోపల కుక్కి రాత్రంతా బయటే ఉంచడం, పొద్దున పేపర్ తీసేసి నూలు సంచిలో పెట్టడం. సంచి పాత జాకెట్ లైనింగ్‌తో కుట్టింది. సంచుల్ని మూతున్న డబ్బాలో సిలికా జెల్‌తో ఉంచితే మీటరు 54 చూపిస్తోంది. నీలం గింజలు గులాబీ రంగుకి మారితే ఓవెన్లో 120 డిగ్రీల దగ్గర వేడిచేస్తే మళ్ళీ నీలం. వంట పళ్ళెం కాకుండా వేరే పళ్ళెం పెట్టండి.

వాన రోజు నియమం ఒక్కటే. స్వేడ్ సోల్ పార్కింగ్ తొక్కకూడదు, లిఫ్ట్ తొక్కకూడదు, వాష్‌రూమ్ అసలే తొక్కకూడదు. షూ వేసుకునేది డాన్స్ నేల అంచున కూర్చుని.

ఖర్చు: తేమ మీటరు 200, సిలికా జెల్ 150. మొత్తం: ₹1,540.

ఇప్పటి స్థితి

నల్ల జత: కుడి 22.5, ఎడమ 22. బొటనవేలి కింద మందం 1.9 నుంచి 1.8కి వచ్చింది. ఇనుప బ్రష్ రోజుల్లో ఇంతకాలానికి దీనికి మూడింతలు పోయేది. కుడి షూ బయటి అంచున, చిటికెనవేలి పక్కన, ఒక సెంటీమీటరు మేర లేస్తోంది. అక్కడ సుత్తి దెబ్బ సరిగ్గా పడలేదు. సన్న పుల్లతో గమ్ రెండు పూతలు లోపలికి పంపి క్లాంపు వేయాలి.

గోధుమ జత: 19. టేప్‌తోనే నడుస్తోంది. మందం 1.5, ఇంకో ఎండాకాలం దాకా లాగుతుంది. మిగిలిన స్వేడ్ ఒక జతకి సరిపోతుంది, బాణాలు గీసి పెట్టాను.

హీల్ టిప్‌లకి ప్లాస్టిక్ కవర్లు రెండు జతలు, ₹120, నిన్ననే వచ్చాయి. హీల్ చుట్టుకొలత కన్నా ఒక మి.మీ. పెద్ద సైజు ఆర్డర్ చేస్తే గ్రానైట్ మీద ఊడిపోతున్నాయి, చిన్న సైజుకి మార్చాలి.

మొత్తం: ₹1,660.